దె ఆంద్రే పాటల్లో సగం అరువు సరుకే కదా, మరి ఇటలీవాళ్ళు ఎందుకంత నెత్తిన పెట్టుకుంటారు?

అడిగినాయన మాట ఇదీ: ఫాబ్రిట్సియో దె ఆంద్రే అనే ఇటాలియన్ సింగర్ గురించి చదువుతుంటే ఒక పాట ఫ్రెంచ్ ఆయనది, ఒక ఆల్బమ్ అమెరికన్ కవి పుస్తకం, ఇంకోటి లెనార్డ్ కోహెన్‌ది, మిగతా వాటిల్లో కూడా పక్కన ఇంకొకరి పేరు ఉంటోంది, మరి ఈయన సొంతంగా చేసిందేంటి, స్కూల్ పుస్తకాల్లో పాట పెట్టేంత గొప్పోడు ఎలా అయ్యాడు, వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని.

నేను సంగీతం చదువుకున్నోణ్ణి కాదు, ముందే చెప్తున్నా. వైజాగ్ మనిషిని, మర్చంట్ నేవీలో ఇంజిన్ సైడ్ ఇరవై రెండేళ్ళు చేసి ఇప్పుడు ఒడ్డున పడ్డా. ఒక షిప్పులో మా చీఫ్ ఇంజనీర్ జెనోవా మనిషి, కంట్రోల్ రూమ్‌లో ఆయన టేప్ రికార్డర్ నుంచి పొద్దస్తమానం ఒకటే గొంతు, లోతుగా, మందంగా, ఎక్కడా అరవని గొంతు. మొదటి నెల విసుగొచ్చింది. రెండో నెల ఏం పాడుతున్నాడు సార్ ఈయన అని అడిగా, అంతే, ఆ కాంట్రాక్ట్ అయ్యేసరికి నాకు సగం ఇటాలియన్ వచ్చేసింది, అదీ పాటల ఇటాలియనే, బజార్లో ఉల్లిపాయలు కొనడానికి పనికిరాదు గానీ ఉరికంబం, జడ్జి, వేశ్య, దేవుడు లాంటి మాటలన్నీ వచ్చేశాయి. అప్పట్నించి వింటూనే ఉన్నా.

సూటిగా చెప్పాలంటే మీరన్నది నిజమే, అరువు చాలా ఉంది. ఆయన కూడా ఎప్పుడూ దాచలేదు. కానీ మన సినిమాల్లో ట్యూన్ ఎత్తేసి మనదే అని వేసుకునే వ్యవహారంతో దీన్ని కలిపితే మాత్రం తప్పు. ఇది మంచి కలప ఎక్కడ దొరికినా తెచ్చి తన కొలతకి కోసుకుని, తన ఊరి మనుషులు కూర్చోడానికి కుర్చీ చేసే వడ్రంగి పని. ఆయన ముద్దుపేరు కూడా ఫాబెర్. చిన్నప్పటి స్నేహితుడు పావ్లో విల్లాజ్జో, తర్వాత ఇటలీలో పెద్ద కమెడియన్ అయ్యాడు, ఈయనకి ఫాబెర్-కాస్టెల్ పెన్సిళ్ళంటే పిచ్చి అని ఆ పేరు పెట్టాడు. లాటిన్‌లో ఫాబెర్ అంటే పనివాడు, మేస్త్రి అని అర్థం. కుర్రాడి సరదాకి పెట్టిన పేరు ఎంత సరిగ్గా అతికిందో చూడండి.

1960 ప్రాంతం దాకా ఇటలీలో కూడా మన సినిమా పద్ధతే, రాసేది ఒకరు, ట్యూన్ కట్టేది ఒకరు, పాడేది మంచి గొంతున్న ఇంకొకరు. సన్‌రెమో పాటల పోటీ అంతా ఆ లెక్కే. అప్పుడు కొంతమంది కుర్రాళ్ళు సొంతంగా రాసుకుని సొంతంగా కట్టుకుని పాడుకోవడం మొదలెడితే వాళ్ళని ఏమనాలో తెలీక కాంతౌతోరే అని కొత్త మాట పుట్టించారు, పాడేవాడు ప్లస్ రాసేవాడు. మనకైతే కొత్త మాట అక్కర్లేదు, వాగ్గేయకారుడు అంటే అయిపోయింది, అన్నమయ్య కాలం నుంచీ ఉన్నదే. ఆ కుర్రాళ్ళలో ఒక గుంపు జెనోవా వాళ్ళు: జీనో పావోలి, లుయీజీ టెంకో, బ్రూనో లౌజీ, ఉంబెర్తో బిందీ, వీళ్ళతో పాటు మన దె ఆంద్రే.

పుట్టింది 1940 ఫిబ్రవరి 18న, జెనోవాలో పెల్యీ అనే పేటలో. ఇల్లు డబ్బున్న ఇల్లు. తండ్రి ఎరిదానియా అనే పెద్ద చక్కెర కంపెనీలో పెద్ద హోదా, ఊరికి డిప్యూటీ మేయర్‌గా కూడా చేశాడు. యుద్ధం రోజుల్లో కుటుంబం ఆస్తి దగ్గర పల్లెలో తలదాచుకుంది (ఆస్తి అంటే ఊరి పేరండీ, ప్రాపర్టీ కాదు). ఈ డబ్బున్న ఇంటి కుర్రాడు సాయంత్రం అయితే రేవు దగ్గర పాత ఊరి సందుల్లో, ఆ సందుల్ని అక్కడ కరుజ్జీ అంటారు, దొంగలు, తాగుబోతులు, వేశ్యలు, పనిలేని నావికుల మధ్య తిరిగేవాడు. లా చదువు మొదలెట్టి కొద్ది పరీక్షలు మిగిలుండగా వదిలేశాడు. అన్నయ్య మౌరో మాత్రం బుద్ధిగా పెద్ద లాయర్ అయ్యాడు.

లా ఎందుకు వదిలేశాడంటే మీనా వల్ల. 1964లో మరినెల్లా అనే అమ్మాయి మీద ఒక పాట రికార్డ్ చేశాడు, రాజుగారి ప్రేమ, నదిలో జారిపడితే గాలి ఎత్తుకెళ్ళి చుక్క మీద పెట్టడం, వింటే జానపద కథలా ఉంటుంది. కానీ దాని వెనకున్నది పేపర్లో చదివిన వార్త అని ఆయనే చెప్పాడు, వేశ్యావృత్తిలోకి దిగిన ఒక చిన్న పిల్లని ఎవడో నదిలోకి తోసేశాడు. ఆ పిల్ల బతుకుని మార్చలేను కాబట్టి చావునైనా మార్చి రాద్దాం అనుకున్నాడట. ఆ పాట మూడేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1967లో మీనా పాడింది, ఆ టైంలో ఇటలీలో ఆమెను మించిన గొంతు లేదు, తర్వాత టీవీలో కూడా వచ్చింది, రాయల్టీ డబ్బులు రాగానే ఈయన పుస్తకాలు మూసేశాడు. మీనా పాడకపోయుంటే లాయర్‌నే అయ్యేవాణ్ణని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

అదే 1967 జనవరిలో ఫ్రెండ్ టెంకో సన్‌రెమోలో పాట ఎలిమినేట్ అయిన రాత్రి హోటల్ గదిలో చనిపోయాడు. అంత్యక్రియలకి వెళ్ళొచ్చి దె ఆంద్రే ఒక ప్రార్థన రాశాడు, ఆత్మహత్య చేసుకున్నోళ్ళని కూడా స్వర్గంలోకి రానీ స్వామీ, నరకం అనేది ఉంటే భయపడేవాళ్ళకే ఉంటుంది అన్న ధోరణిలో. మొదటి ఆల్బమ్ మొదటి పాట అదే. కేథలిక్ దేశంలో, ఇరవై ఏడేళ్ళ కుర్రాడు.

ఇప్పుడు మీరడిగిన అరువు సంగతి. ఆయనకి గురువు ఒక్కడే, ఫ్రాన్స్‌లో జార్జ్ బ్రాసెన్స్, గిటార్ ఒకటి పట్టుకుని మీసాల కింద నవ్వుకుంటూ జడ్జిలనీ పోలీసులనీ ఉతికి ఆరేసే మనిషి. ఆయన పాటలు అరడజను ఇటాలియన్‌లోకి తెచ్చాడు, అందులో గొరిల్లా పాట బాగా ఫేమస్, బోనులోంచి తప్పించుకున్న గొరిల్లా చేతికి ముసలమ్మ ఒకవైపు, పొద్దున్నే ఒకడికి మరణశిక్ష వేసొచ్చిన జడ్జి ఒకవైపు దొరికితే ఏం జరిగిందో అది కథ. ఇది అనువాదమే, ఒప్పుకుందాం. కానీ ఆ బడిలో నేర్చుకున్న పద్ధతిని సొంత ఊరికి తెచ్చుకున్నాడు చూడండి, అక్కడ మొదలవుతుంది అసలు పని. 1967లో బోక్కా ది రోజా పాట. సంత్ ఇలారియో అని జెనోవా శివారులో చిన్న స్టేషన్, రైలు దిగింది ఒకావిడ. డబ్బుకోసం కాదు, విసుగుతో కాదు, ఇష్టంకొద్దీ ప్రేమిస్తుంది, అదే ఆమె నేరం. ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి కంప్లైంట్ ఇస్తారు, పోలీసులు అయిష్టంగానే వచ్చి స్టేషన్ దాకా దిగబెడతారు, కమిషనర్ నుంచి చర్చి పనివాడి దాకా ఊరి మగాళ్ళంతా కళ్ళనీళ్ళతో ప్లాట్‌ఫారం మీదే, తర్వాతి స్టేషన్‌లో ఇంతకంటే ఎక్కువ జనం, అక్కడి ఫాదర్ ఊరేగింపులో ఆవిణ్ణి తన పక్కనే నడవమంటాడు. మొదటి రికార్డింగ్‌లో పోలీసుల మీద ఉన్న లైను తర్వాత వేసిన కాపీల్లో మార్పించారు, ఎవరికి గుచ్చుకుందో మీరే ఊహించుకోండి. ఇటలీలో ఇప్పటికీ బోక్కా ది రోజా అంటే పాట పేరులా కాదు, మన మధురవాణి పేరులా వాడతారు.

వియా దెల్ కాంపో అనే పాట కూడా ఆ ఏడాదిదే, పాత ఊళ్ళో ఒక సందు పేరు అది. వజ్రాల్లోంచి ఏమీ మొలవదు, పూలు పెంటలోంచే మొలుస్తాయి అని చివర్లో వస్తుంది, జెనోవాలో టీ షర్టుల మీద కూడా ఉంటుంది ఇప్పుడు, అది చూస్తే మాత్రం నాకు కొంచెం చిరాకే. మీ అనుమానానికి బలం ఇచ్చే ముక్క ఒకటి నేనే ఇస్తా, ఆ ట్యూన్ ఈయనది కాదు, మిలానో గాయకుడు ఎంజో జన్నాచ్చి, దారియో ఫో కలిసి చేసుకున్న పాటది, జన్నాచ్చి పేరు క్రెడిట్‌లోకి తర్వాతే వచ్చింది. అక్కడ మాత్రం మీ కేసు గట్టిది, నేను వాదించను.

1971 ఆల్బమ్ మాత్రం కాస్త ఆగి చూడాలి, అరువు అనే మాటకి అక్కడే సమాధానం దొరుకుతుంది. ఎడ్గర్ లీ మాస్టర్స్ అనే అమెరికన్ 1915లో ఒక కవితల పుస్తకం వేశాడు, ఒక ఊరి శ్మశానంలో ఒక్కో సమాధిలోంచి ఒక్కో మనిషి లేచి తన కథ చెప్పుకుంటాడు, 240కి పైగా సమాధులు. దాన్ని ఫెర్నాందా పివానో అనే ఆవిడ ఇటాలియన్‌లోకి తెచ్చింది, ముస్సోలిని కాలంలో, 1943లో అచ్చయింది. దె ఆంద్రే ఆ 240లోంచి ఎనిమిది సమాధులు ఏరుకున్నాడు, పైన ఒక మొదటి పాట, మొత్తం తొమ్మిది. సంగీతం నికోలా పియోవానీ అనే కుర్రాడు, తర్వాత ఆస్కార్ కొట్టాడు. ఇక్కడిదాకా చూస్తే అనువాదమే కదా అనిపిస్తుంది. ఇప్పుడు జడ్జి పాట తీసుకోండి. మాస్టర్స్ కవితలో పొట్టివాడొకడు కష్టపడి చదివి జడ్జి అవుతాడు, తనని వెక్కిరించినోళ్ళ మీద కసి తీర్చుకుంటాడు, చిన్న కవిత. దె ఆంద్రే ఆ పొట్టితనాన్ని పట్టుకుని ఇంకా కిందికి లాగాడు, మనిషి అంత కురచగా ఉంటే ఊళ్ళోవాళ్ళ నోళ్ళు ఎలాంటి పుకార్లు పుట్టిస్తాయో, ఎక్కడ ఏం కొలుస్తారో అన్నీ పెట్టాడు, పొట్టోళ్ళు గుండె ఎక్కడుందో చూడు అని ఊరు ఆడిపోసుకునే బూతు జోకు కూడా. ట్యూన్ చూస్తే తీర్థంలో రంగులరాట్నం దగ్గర వాయించేదిలా గెంతుతూ ఉంటుంది. వాడు రాత్రుళ్ళు లా చదివి జడ్జి అయ్యాక నిన్నటిదాకా నవ్వినోళ్ళే లేచి నిలబడి అయ్యగారూ అంటుంటే, వాళ్ళని ఉరికి పంపడం ఎంత ఆనందంగా ఉందో పాడతాడు. మనం అప్పటికే వాడి పక్షాన ఉన్నాం కదా, హుషారుగా తలూపుతూ ఉంటాం, సరిగ్గా అప్పుడే చివరి లైను, వాడు కూడా చచ్చేముందు దేవుడి ముందు మోకాళ్ళ మీద పడతాడు, దేవుడి పొడుగెంతో మాత్రం వాడికి తెలీదు. ఈ చివరి దెబ్బ మాస్టర్స్‌లో లేదు. మా చీఫ్ ఈ లైను వచ్చినప్పుడల్లా టేపు ఆపి మళ్ళీ వెనక్కి తిప్పేవాడు.

చివరి పాట వాయిద్యగాడు జోన్స్ గురించి. మాస్టర్స్‌లో వాడిది ఫిడేలు, పొలం దున్నుకోకుండా జీవితమంతా వాయించుకుంటూ తిరిగి విరిగిన ఫిడేలుతో, ఒక్క పశ్చాత్తాపం కూడా లేకుండా పోతాడు. దె ఆంద్రే దాన్ని విరిగిన వేణువు చేశాడు. ఎందుకు మార్చాడని నన్నడిగితే, ఫిడేలు చేత్తో వాయించేది, వేణువు ఊపిరితో వాయించేది, చచ్చిపోయినోడి పాటకి ఊపిరే సరైనది. ఇది నా లెక్క, ఆయన చెప్పింది కాదు. ఆ ఎనిమిది సమాధుల్లో మిగతా ఏడుగురికీ పేరు తీసేసి పిచ్చోడు, డాక్టరు, కెమిస్టు అని వృత్తో వాలకమో మాత్రం ఉంచాడు, జోన్స్‌కి ఒక్కడికే పేరు మిగిల్చాడు.

దానికి ముందు ఏడాది, 1970లో, కాలేజీ కుర్రాళ్ళంతా రోడ్ల మీద రాళ్ళేస్తున్న టైంలో ఈయన బైబిల్లో చేర్చని సువార్తలు తీసుకుని మేరీ మాత మీద, సిలువ మీద ఆల్బమ్ చేశాడు. ఫ్రెండ్సే తిట్టారు ఇదేం పోయేకాలమని. నా దృష్టిలో ఆ సువార్తే వాళ్ళకి ఆయన ఇచ్చిన సమాధానం. యేసు పక్కన సిలువ వేసిన దొంగ తీతో పది ఆజ్ఞల్నీ ఒక్కొక్కటిగా తీసుకుని నా బతుకులో ఇది ఎలా కుదుర్తుంది చెప్పండి అని అడిగే పాట ఒక్కటి చాలు. ఆ ఆల్బమ్‌లో వాయించిన కుర్రాళ్ళే తర్వాత పి.ఎఫ్.ఎమ్. అనే పెద్ద రాక్ బ్యాండ్ అయ్యారు, గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తారు. 1973లో ఒక గుమాస్తా బాంబు పెట్టే కథతో చేసిన ఆల్బమ్ మాత్రం లెఫ్టోళ్ళకీ నచ్చలేదు, రైటోళ్ళకీ నచ్చలేదు, ఆయనకీ పెద్దగా నచ్చలేదు. నాకూ అంతే. ఆ తర్వాత కోహెన్, డిలన్ అనువాదాలతో ఒకటి, కుర్ర ఫ్రాన్చెస్కో దె గ్రెగోరితో కలిసి ఒకటి వచ్చాయి, బాగానే ఉంటాయి, ముందుకెళ్దాం.

స్టేజి అంటే ఈయనకి వణుకు. పదిహేనేళ్ళు రికార్డులే, జనం ముందుకి రావడం 1975లో మొదలు, అప్పటికి 35 ఏళ్ళు. విస్కీ లేకుండా స్టేజి ఎక్కేవాడు కాదంటారు, 1985లో తండ్రి పోయేటప్పుడు మాట తీసుకుంటే అప్పుడు మానేశాడు. 1978లో పి.ఎఫ్.ఎమ్. వాళ్ళు వచ్చి, మీ పాటలకి మేం కరెంటు పెడతాం టూర్ చేద్దాం రండి అన్నారు, చుట్టూ ఉన్నోళ్ళంతా వద్దన్నారు, ఈయన అందుకే సరే అన్నాడని నా అనుమానం. ఆ టూర్ రికార్డింగులు రెండు వాల్యూములు 1979లో, 1980లో వచ్చాయి. కొత్తగా వినే కుర్రాళ్ళకి నేను ఇచ్చేది ముందు అదే.

ఆ టూర్ అయిన ఎండాకాలమే, 1979 ఆగస్టు 27 రాత్రి, సార్డీనియా దీవిలో తెంపియో పౌసానియా దగ్గర తన పొలం ఇంట్లోంచి ఆయన్నీ, ఆయనతో ఉంటున్న దోరీ గెట్సీనీ (ఆమె కూడా సింగరే, తర్వాత పెళ్ళి చేసుకున్నారు) ముసుగులేసుకున్న మనుషులు ఎత్తుకుపోయారు. నాలుగు నెలలు కొండల్లో, చెట్ల కింద, చాలా భాగం కళ్ళకి గంతలు. డిసెంబర్ 21న దోరీని, మర్నాడు ఈయన్ని వదిలారు, 55 కోట్ల లీరాల దాకా కట్టారు, ఎక్కువ భాగం తండ్రిదే. బయటికొచ్చి ఏం చేశాడు అంటే, తమకి కాపలా ఉన్న పల్లెటూరి మనుషుల్ని క్షమించాడు, వెనకుండి నడిపించిన డబ్బున్నోళ్ళని మాత్రం క్షమించలేదు. ఆ దీవి వదిలి కూడా పోలేదు, అదే పొలంలో ఉన్నాడు. 1981 ఆల్బమ్ అట్ట మీద గుర్రం మీద రెడ్ ఇండియన్ బొమ్మ, లోపల ఒక పాటలో 1864లో సాండ్ క్రీక్ దగ్గర అమెరికా సైన్యం చంపేసిన ఇండియన్ల కథ, పక్కనే సార్డీనియా గొర్రెల కాపరులు, ఇద్దరూ ఒకే రకం జనం అని ఆయన లెక్క, బయటోడొచ్చి మీరు వెనకబడ్డారు అని చెప్పి నేల లాక్కున్న జనం. బందీగా ఉన్న ఆ నెలల మీద, సార్డీనియా కొండల పేరుకి ముందు హోటల్ అని తగిలించి ఒక ప్రేమపాట రాశాడు, హోటల్ సుప్రామోంతె. అది విని కళ్ళు తడవని ఇటాలియన్‌ని నేను చూళ్ళేదు.

ఇక 1984. క్రూజా దె మా. ఇలా రాస్తున్నా గానీ ఆ మొదటి అచ్చు మన భాషలో లేదు, ఊ కీ ఏ కీ మధ్య నోరు సున్నా చుట్టి అనాలి, నాకిప్పటికీ సరిగ్గా రాదు. క్రూజా అంటే కొండ మీద ఇళ్ళ నుంచి సముద్రం దాకా రెండు గోడల మధ్య నిటారుగా దిగే సందు, మధ్యలో ఇటుకల వరస, అటూ ఇటూ రాళ్ళు. సముద్రపు సందు అన్నమాట. అప్పటికి పి.ఎఫ్.ఎమ్. వదిలేసిన మౌరో పగానీ, వయొలిన్ మనిషి, టర్కీ నుంచి అరబ్బుల దాకా వాయిద్యాలన్నీ నేర్చుకుని ఊద్, సాజ్, బుజూకీ పట్టుకొచ్చాడు. ముందు వీళ్ళ ఆలోచన ఏంటంటే నావికులందరూ మాట్లాడే ఒక కల్పిత భాష తయారుచేసి పాడదామని. తర్వాత తెలిసొచ్చిందేమిటంటే అలాంటి భాష ఇంట్లోనే ఉంది. జెనోవా యాస, నిజానికి యాస కాదు వేరే భాషే, వెయ్యేళ్ళ రేవు బతుకుతో అరబ్బు మాటలు, తుర్కు మాటలు, స్పానిష్ మాటలు అన్నీ కలిసిపోయిన భాష. ఆల్బమ్ మొత్తం దాంట్లో పాడాడు. మిలానోలో, రోమ్‌లో ఉండే ఇటాలియన్‌కి ఒక్క ముక్క అర్థం కాదు. తెలుగులో పెద్ద స్టార్ ఒకడు కెరీర్ నడి మధ్యలో ఆల్బమ్ అంతా ఒక్క రేవు మత్స్యకారుల మాటల్లో, సబ్‌టైటిల్ లేకుండా చేశాడనుకోండి, నిర్మాత మొహం ఎలా ఉంటుందో.

మొదటి పాటలో రాత్రంతా వేటకెళ్ళిన నావికులు ఒడ్డుకొస్తారు, నీడల్లాంటి మొహాలు, ఎక్కడినించి వస్తున్నారు ఎక్కడికెళ్తున్నారు. ఒక పాకహోటల్ లాంటి ఇల్లు, ఆంద్రియా అనేవాడిది, ఆంద్రియా నావికుడు కాదు. తినడానికి ఏం పెడతాడో పాటలోనే మెనూ ఉంటుంది, వేయించిన చేపలు, పోర్తోఫీనో తెల్ల వైను, గొర్రెపిల్ల మెదడు, లజాన్యా, చివర్లో పెంకుల మీది కుందేలుతో చేసిన పుల్లతీపి కూర. పెంకుల మీది కుందేలు అంటే ఏంటండీ అని చీఫ్‌ని అడిగా. ఇళ్ళ కప్పుల మీద తిరిగేది ఏది, అన్నాడు. పిల్లి! అంటే ఈ ఆంద్రియా గాడు ఎలాంటి మనిషో, నావికులు వాణ్ణి ఎంత నమ్ముతారో ఒక్క కూర పేరులో చెప్పేశాడు. పాట అయిపోయాక వాయిద్యాలు తగ్గి జెనోవా చేపల మార్కెట్‌లో రికార్డ్ చేసిన కేకలు వస్తాయి. మొదటిసారి విన్నప్పుడు మా ఫిషింగ్ హార్బర్లో పొద్దున్న ఐదింటికి వేలంపాట గుర్తొచ్చింది, భాష ఏదైనా ఆ గొంతు అదే, అరిచి అరిచి గీరుకుపోయిన గొంతు.

ఆ ఆల్బమ్‌లోనే సిదూన్ అనే పాట, 1982లో లెబనాన్ యుద్ధంలో సిదోన్ ఊళ్ళో ట్యాంకు కింద నలిగిన కొడుకుని ఒళ్ళో పెట్టుకున్న తండ్రి. ఇంకో పాట సినాన్ పాషా గురించి, జెనోవా కుటుంబంలో పుట్టి సముద్రం మీద తుర్కులకి పట్టుబడి, మతం మారి చివరికి ఒట్టోమన్ సుల్తాను దగ్గర ప్రధానమంత్రి దాకా ఎదిగినోడు, నిజంగా ఉన్న మనిషి. టాకింగ్ హెడ్స్ బ్యాండ్ డేవిడ్ బైర్న్ ఈ ఆల్బమ్‌ని ఆ దశాబ్దపు ముఖ్యమైన పనుల్లో ఒకటని మెచ్చుకున్నాడు. వరల్డ్ మ్యూజిక్ అనే మాట షాపుల్లో బోర్డు మీదికి రావడానికి ముందే వచ్చిన ఆల్బమ్ అది. ఇప్పుడు ఇక్కడ అరువేది, సొంతమేది చెప్పండి. సంగీతంలో ఎక్కువ భాగం పగానీదే. కానీ పగానీ ఒక్కడే చేసుంటే అది మంచి వాయిద్యాల ఆల్బమ్ అయ్యేదేమో, పెంకుల కుందేలు మాత్రం అందులో ఉండేది కాదు.

ఈ లెక్క మొత్తం కెరీర్‌కి వర్తిస్తుంది. 1967 నుంచి 1996 దాకా 13 స్టూడియో ఆల్బమ్‌లు, మన లెక్కలో చాలా తక్కువ, దాదాపు ప్రతిసారీ పక్కన కొత్త మనిషి. రెవెర్బెరి, పియోవానీ, దె గ్రెగోరి, మాసిమో బూబోలా, పగానీ, చివర్లో ఇవానో ఫొస్సాతి. మనుషులు మారారు, కూర్చునే కుర్చీలు మాత్రం అవే: ఓడిపోయినోడు, ఊరు వెలేసినోడు, ఉరికెక్కినోడు. పక్కనున్నోళ్ళు సొంతంగా కూడా మంచి పాటలే రాశారు, కానీ ఈయనతో రాసినవి విడిగా గుర్తుపట్టొచ్చు. ఆయన పుస్తకాలు, కాగితాలు సియెనా యూనివర్సిటీలో భద్రపరిచారు, పుస్తకాల అంచుల్లో ఆయన రాసుకున్న నోట్సుతో సహా. పని జరిగింది అక్కడే, మార్జిన్లలో.

1990 ఆల్బమ్‌లో నేపుల్స్ జైలు పాట ఒకటుంది, వార్డరు జైల్లో ఉన్న కమొర్రా (నేపుల్స్ మాఫియా) డాన్‌తో కలిసి కాఫీ తాగుతూ, గడ్డం నేను గీయనా అంటూ, తమ్ముడికి ఉద్యోగం ఇప్పించండి దొరా అని బతిమాలుకుంటాడు, సర్కారు చేయలేని పని డాన్ చేస్తాడని. మనకి ఏ ఫుట్‌నోటూ అక్కర్లేదు దానికి. 1996లో ఆఖరిది, ఫొస్సాతితో, ఒంటరి ఆత్మల మీద: బ్రెజిల్ నుంచి వచ్చిన ట్రాన్స్ మహిళ ఒకావిడ ప్రిన్సెసా, రోమా జిప్సీలు, గుంపుకి ఎదురెళ్ళేవాళ్ళ కోసం చివర్లో ఒక పెద్ద ప్రార్థన. టెంకో మీద ప్రార్థనతో మొదలైన మనిషి ప్రార్థనతోనే ముగించాడు.

1999 జనవరి 11న మిలానోలో పోయాడు, ఊపిరితిత్తుల కేన్సర్, 58 ఏళ్ళు. రెండ్రోజుల తర్వాత జెనోవాలో కరిన్యానో చర్చి దగ్గర పదివేలకి పైగా జనం, మంత్రులూ మేయర్లూ ఒకపక్క, అనార్కిస్టు నల్లజెండాలు ఒకపక్క, ఆయన జీవితాంతం అభిమానించిన జెనోవా ఫుట్‌బాల్ టీమ్ కండువాలు ఇంకోపక్క.

ప్రభావం సంగతి అడిగారు కదా. పియెరో అనే సైనికుడు ఎదుటోణ్ణి కాల్చడానికి ఒక్క క్షణం సందేహించి చచ్చిపోయే పాట స్కూల్ పుస్తకాల్లో ఉంది. కొడుకు క్రిస్తియానో, పి.ఎఫ్.ఎమ్. వాళ్ళు ఇప్పటికీ ఆ పాటలతో టూర్లు చేస్తున్నారు, 2005లో మోర్గాన్ అనే ఆయన సమాధుల ఆల్బమ్ మొత్తం మళ్ళీ రికార్డ్ చేశాడు, 2019లో కుర్ర బ్యాండ్లు కలిసి ఒక ఆల్బమ్ వేశాయి. సొంత ఊరి భాషలో పాడటం అంటే పల్లెటూరి కామెడీ కాదు, పెద్ద పనే అని క్రూజా తర్వాత చాలామందికి ధైర్యం వచ్చింది. 2018లో జెనోవాలో మొరాందీ వంతెన కూలి 43 మంది పోయారు, 2020లో కొత్త వంతెన లేచేటప్పుడు పగానీ బోలెడుమంది సింగర్లని పోగేసి ఏ పాట పాడించాడనుకుంటున్నారు, క్రూజా దె మానే. నష్టం కూడా ఉందండోయ్. ఆయన్ని అందరూ సెయింట్ చేసి కూర్చోబెట్టారు, విగ్రహాలకి పూలేసే రాజకీయ నాయకులు పాటల్లో తిట్టించుకున్నది తమనే అని మర్చిపోయారు. పైగా ఆయన తర్వాత ప్రతి కుర్ర గాయకుడూ లోగొంతుకతో గొణిగితే కవిత్వం అయిపోతుందనుకున్నాడు.

వినే వరస నేనైతే ఇలా చెప్తా. ముందు పి.ఎఫ్.ఎమ్. లైవ్, ట్యూన్లు చెవికెక్కుతాయి. తర్వాత 1971 సమాధులు, లిరిక్ అనువాదం పక్కన పెట్టుకుని, వీలైతే మాస్టర్స్ కవితలు కూడా ఇంకోపక్క, ఎక్కడ ఏం మార్చాడో మీరే కనిపెట్టండి, నా మాట నమ్మక్కర్లేదు. తర్వాత క్రూజా, దానికి మాత్రం మొదటిసారి అనువాదం చూడొద్దు. మొదటి మూడు ఆల్బమ్‌లు ఆఖర్న, ఎందుకంటే అరేంజ్‌మెంట్లు పాతబడ్డాయి.

ఎప్పుడైనా జెనోవా వెళ్తే వియా దెల్ కాంపోలో 29 నంబరు అడగండి, ఎర్ర నంబరు అని చెప్పాలి, ఆ ఊళ్ళో ఇళ్ళకి నల్ల నంబర్లు, షాపులకి ఎర్ర నంబర్లు, రెండూ వేరే వరసలు, నల్ల 29 దగ్గరికెళ్తే ఎవరిదో ఇంటి తలుపు కొట్టినట్టవుతుంది. నేను మొదటిసారి కొట్టా కూడా. పైనుంచి ఒక ముసలావిడ కిటికీ తీసి ఏమీ అడక్కుండానే కింద ఎడంవైపు అని చెయ్యి చూపించి మూసేసింది, రోజూ ఎంతమందికి చూపిస్తుందో పాపం. ఆ ఎర్ర 29 ఒకప్పుడు రికార్డుల షాపు, ఇప్పుడు చిన్న మ్యూజియం, లోపల ఆయన గిటారు ఉంది.